మందుతో పాటు చేరవలసిన మాట

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, సూర్యాపేట
(ప్రసంగ పాఠం)

పిల్లల చికిత్స కోసం నెలల తరబడి హైదరాబాద్ చుట్టూ తిరిగిన తల్లిదండ్రులు కొందరు ఈ సభలో ఉన్నారు. ఈ ఉపన్యాసం ముందుగా వారి కోసం.

మనం స్మరించుకుంటున్న మహానుభావుడు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లోనూ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలోనూ జీవితమంతా పరిశోధనలోనే గడిపారు. లెడర్లీలో ఆయన నాయకత్వంలోని బృందం తయారు చేసిన అమినోప్టెరిన్ అనే మందు 1947 చివర్లో బోస్టన్ పిల్లల ఆసుపత్రి డాక్టరు సిడ్నీ ఫార్బర్ చేతికి అందింది. అప్పటిదాకా బ్లడ్ కేన్సర్ వచ్చిన పిల్లలకు డాక్టర్లు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఫార్బర్ ఆ మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా మందుతో ఈ జబ్బును వెనక్కి నెట్టవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

అమినోప్టెరిన్ కోవలోదే మెథోట్రెక్సేట్. అది కూడా లెడర్లీ నుంచి వచ్చిందే. ఇవాళ్టికీ ప్రపంచంలో ఎక్కడ ఏ పిల్లవాడికి లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా వచ్చినా, చికిత్సలో మెథోట్రెక్సేట్ ఉంటుంది. చికిత్సలో ఎక్కువ కాలం ఆ మాత్ర వేసేది డాక్టరు కాదు, నర్సు కాదు. ఇంట్లో తల్లి వేస్తుంది. మిర్యాలగూడ బస్తీలోనో, పాలకీడు దగ్గర తండాలోనో, కోదాడ పక్క పల్లెలోనో, చదువు రాని తల్లి కూడా వేస్తుంది. ఆమెకు ఆ మాత్ర గురించి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పారా లేదా అన్నదాని మీద ఆ పిల్లవాడి ప్రాణం ఆధారపడి ఉంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే: పిల్లల కేన్సర్‌లో వివరించి చెప్పడం కూడా చికిత్సే. మోతాదు తప్పితే మందు ఎలా విఫలమవుతుందో, మాట తప్పితే చికిత్స అలాగే విఫలమవుతుంది.

మందు ఉన్నా దక్కని పిల్లలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమార వయస్కులు కేన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో వారిలో నూటికి 80 మందికి పైగా నయమవుతున్నారు. పేద, మధ్య ఆదాయ దేశాలు అనేకంలో 30 మంది కూడా దక్కడం లేదు. 2030 నాటికి అన్ని దేశాల్లో కలిపి కనీసం 60 మందినైనా కాపాడాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది.

ఇంత తేడాకు కారణాలు వెతికితే మందుల కొరత ఒక్కటే కనిపించదు. జబ్బు ఆలస్యంగా పట్టుబడటం, పొరపాటు నిర్ధారణ, మందుల దుష్ఫలితాలు, జబ్బు తిరగబెట్టడం, వీటన్నిటితో పాటు చికిత్స మధ్యలో మానేయడం. ఈ చివరి కారణం మన ప్రాంతంలో అందరికీ తెలిసిందే. ల్యుకేమియా చికిత్స మొదటి నెలలోనే చాలామంది పిల్లల్లో జ్వరం పోతుంది, ముఖం తేటపడుతుంది, ఆకలి పుడుతుంది. "పోరడు మంచిగైండు కదా, ఇంకెందుకు తిప్పుడు?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. నాట్లు ముంచుకొస్తుంటాయి, ఇంకో బిడ్డ ఇంటి దగ్గర ఉంటుంది, పైసలు అయిపోయి ఉంటాయి. రెండేళ్లకు పైగా సాగాల్సిన చికిత్స రెండు నెలలకే ఆగిపోతుంది. తర్వాత జబ్బు తిరగబెడితే "కేన్సర్ ఎవరికి తగ్గింది?" అన్న పాత నమ్మకం ఆ ఊళ్లో మరింత గట్టిపడుతుంది.

ఆ కుటుంబాన్ని తప్పుపట్టి లాభం లేదు. పైకి బాగున్న పిల్లవాడిలో జబ్బు ఇంకా ఎందుకుంటుందో వారికి అర్థమయ్యేలా చెప్పిన మనిషి ఉండాలి కదా. ఇటలీలో మోంజా అనే పట్టణంలోని డాక్టర్లు ల్యుకేమియా వచ్చిన పిల్లలకు పూలతోట బొమ్మలు చూపించి జబ్బు వివరించేవారు. మనకు సాగర్ ఎడమ కాలువ కింద వరిమళ్లున్నాయి. మడిలో ఊద లేస్తే కలుపు మందు కొడతాం. వరి కూడా నాలుగు రోజులు ఎర్రబారి, తర్వాత తేరుకుంటుంది. పైన కలుపు కనిపించదు కాని గింజ మట్టిలోనే ఉంటుంది. చూడకుండా వదిలేస్తే మళ్లీ లేస్తుంది. ఈ నాలుగు మాటలతో కీమో ఎందుకో, కీమో ఇచ్చినప్పుడు పిల్లవాడు ఎందుకు నీరసిస్తాడో, రెండేళ్లు మందు ఎందుకు వాడాలో రైతుకు, కూలికి, మిల్లు హమాలీకి కూడా చెప్పవచ్చు. ఇందుకు ప్రత్యేకమైన యంత్రమేదీ అక్కర్లేదు. పది నిమిషాల సమయం, ఎదురుగా ఒక కుర్చీ చాలు.

రెండు పసుపు మాత్రలు

ల్యుకేమియా చికిత్సలో చివరిదైన మెయింటెనెన్స్ దశలో ఇంట్లో వాడే ముఖ్యమైన మందులు రెండు. మెర్కాప్టోప్యూరిన్ రోజూ వేయాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేయాలి. రెండూ పసుపు రంగు మాత్రలే. వారానికోసారి వేయాల్సినది పొరపాటున రోజూ వేస్తే ఎముక మజ్జ దెబ్బతింటుంది, నోరంతా పుండ్లు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచమంతటా ఫార్మసిస్టులు హెచ్చరించే ప్రమాదం ఇది. చీటీ మీద ఇంగ్లిష్‌లో గిలికిన గీత ఈ ప్రమాదాన్ని ఆపలేదు.

మెర్కాప్టోప్యూరిన్ విషయంలో ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. భారత సంతతికి చెందిన డాక్టర్ స్మితా భాటియా నాయకత్వంలో అమెరికాలో జరిగిన అధ్యయనం 2012లో అచ్చయింది. ఇవ్వాల్సిన మాత్రల్లో నూటికి 95 కంటే తక్కువ అందిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు గణనీయంగా పెరిగిందని ఆ పరిశీలనలో తేలింది. లెక్క వేసి చూడండి: నెలకు రెండు మాత్రలు మరచిపోతే చాలు, ఆ గీత కిందికి జారిపోతాం. ఆ అధ్యయనం వేర్వేరు జాతుల కుటుంబాలను పోల్చి చూసింది. సంపన్న దేశంలో, ఒకే రకం ఆసుపత్రుల్లో చికిత్స పొందే పిల్లల మధ్య కూడా మాత్ర అందడంలో తేడాలున్నాయి. కాబట్టి ఇది మన పల్లెల అజ్ఞానం అని ఎవరూ తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు.

మరి ఏం చేయాలి? "వారానికి ఒకసారి" అని వదిలేయకుండా "ఏ రోజు వేస్తావమ్మా?" అని తల్లిని అడగాలి. "మా ఊరి అంగడి నాడు" అని ఆమె అంటే ఆ రోజునే ఖాయం చేయాలి. రెండు మాత్రలు రెండు వేర్వేరు డబ్బాల్లో పెట్టించాలి. గోడ కేలండర్‌లో అంగడి రోజుల చుట్టూ ఎర్రగీత గీసి ఇవ్వాలి. ఆ తర్వాత "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికి పోయి మామకు ఎట్ల చెప్తవో నాకు చెప్పమ్మా" అని అడగాలి. ఆమె చెప్పింది సరిగ్గా ఉంటేనే మన పని అయినట్టు. "అర్థమైందా?" అని అడిగితే మన దగ్గర ఎవరైనా తల ఊపుతారు. సారుకు కోపం వస్తుందేమోనని ఊపుతారు. ఆ తల ఊపును అర్థమైనట్టు లెక్కేయకూడదు.

ఎవరితో మాట్లాడుతున్నాం?

మన ఆసుపత్రుల్లో తరచుగా కనిపించే దృశ్యం ఇది. డాక్టరు గదిలోకి తండ్రి వస్తాడు, పెదనాన్న వస్తాడు, ఊళ్లో నాలుగు ముక్కలు చదువుకున్న బాబాయి వస్తాడు. తల్లి బయట బెంచీ మీద బిడ్డను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది. జబ్బు పేరు, ఖర్చు, చికిత్స కాలం మగవాళ్లకు తెలుస్తాయి. రాత్రి జ్వరం చూసేది, వాంతులు ఎత్తేది, మాత్ర వేసేది తల్లి. ఆమెకు తెలిసేది మాత్రం ఇంట్లోవాళ్లు చెప్పదలచుకున్నంతే. ఇంకొన్ని ఇళ్లలో అమెరికాలో ఉన్న మేనమామ ఫోన్‌లో డాక్టరుతో ఇంగ్లిష్‌లో మాట్లాడతాడు. అమ్మానాన్నలు ఆయన చెప్పేదాకా ఎదురుచూస్తారు.

పెద్దలను పక్కన పెట్టమని నేను అనడం లేదు. మన కుటుంబాల్లో డబ్బు సర్దేది, పొలం చూసేది, ధైర్యం చెప్పేది వాళ్లే. వారిని గౌరవంగా కూర్చోబెట్టాలి. కాని తల్లి లేకుండా ఆ మాట మొదలుపెట్టకూడదు. "అమ్మను కూడా పిలవండి, బిడ్డను నర్సు చూసుకుంటుంది" అనే ఒక్క వాక్యంతో ఆ పని అయిపోతుంది. ఫోన్ ఉన్నవారిని డాక్టరు మాటలు రికార్డు చేసుకోమనాలి. కేన్సర్ అన్న మాట చెవిన పడ్డాక మిగతా మాటలు తలకెక్కవు. ఇంటికి పోయాక ఆ రికార్డు వింటారు. నానమ్మ వింటుంది, మేనమామ వింటాడు, ఒకరి మాట ఒకరు వక్రీకరించే అవసరం ఉండదు. జబ్బు "ఎవరి వైపు నుంచి వచ్చింది?" అనే నింద తల్లి మీద పడటం మన ఇళ్లలో మామూలు. పిల్లల కేన్సర్లలో ఎక్కువ భాగానికి తల్లిదండ్రులు చేసిన తప్పేమీ కారణం కాదు, ఇది అంటుకునే జబ్బు కూడా కాదు. ఈ రెండు మాటలు డాక్టరు అందరి ముందూ, గట్టిగా, అడగకముందే చెప్పాలి.

ఆడపిల్ల విషయంలో ఇంకో మాట. మన దేశంలో కేన్సర్ ఆసుపత్రులకు చికిత్సకు వచ్చే పిల్లల్లో ఆడపిల్లల వాటా ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉందని దేశంలోని పెద్ద ఆసుపత్రుల పరిశీలన చెప్పింది. "రేపు పెళ్లవుతుందా, పిల్లలు పుడతారా?" అన్న ప్రశ్న తండ్రి నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. అడగలేదు కదా అని ఊరుకోకుండా డాక్టరే ఆ ప్రస్తావన తేవాలి. చిన్నతనంలో ల్యుకేమియా నయమైన ఆడపిల్లల్లో ఎంతోమంది చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, తల్లులయ్యారు అని చెప్పాలి. కొన్ని మందులు, రేడియేషన్ వల్ల సంతానం మీద ప్రభావం ఉండే సందర్భాల్లో ఆ మాట కూడా దాచకూడదు.

తండా మాట, మిల్లు మాట, బస్తీ మాట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తెలుగు ఊళ్లే. కాని ఇక్కడి కుటుంబాలన్నీ తెలుగులోనే ఏడవవు. దామరచర్ల, పాలకీడు, మఠంపల్లి, చివ్వెంల చుట్టూ తండాల్లో తల్లులు లంబాడీలో మాట్లాడుకుంటారు. పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, వీర్లపాలెం యాదాద్రి థర్మల్ కేంద్రం దగ్గర ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలున్నారు. వారి పిల్లలకూ జబ్బులు వస్తాయి. రేషన్ కార్డు సొంత రాష్ట్రంలో, ఆరోగ్యశ్రీ ఈ రాష్ట్రంలో, బిడ్డ ఇక్కడ. ఎవరిని ఏమడగాలో కూడా వారికి తెలియదు.

తండా తల్లి వచ్చినప్పుడు మనం చేసే సులువైన పని, గురుకులంలో చదివే పెద్దబిడ్డను పిలిచి "మీ అమ్మకు చెప్పు" అనడం. పన్నెండేళ్ల అక్క తన తమ్ముడికి కేన్సర్ అని అమ్మకు చెప్పాలి! కొన్నిసార్లు జబ్బు పిల్లవాడే తన సంగతి తల్లికి చెప్పాల్సి వస్తుంది. ఏ పిల్ల మీదా ఆ బరువు పెట్టకూడదు. పిల్లలు భయపడి సగం మింగేస్తారు, బంధువులు తమకు నచ్చినట్టు మార్చి చెబుతారు. లంబాడీ, ఉర్దూ, హిందీ బాగా వచ్చిన ఆశా కార్యకర్తలు, నర్సులు, డిగ్రీ విద్యార్థులు ఈ మూడు పట్టణాల్లో ఎంతోమంది ఉన్నారు. వారిలో కొందరికి ఈ జబ్బు గురించి నేర్పి, ఫోన్ నంబర్లు ఆసుపత్రి గోడ మీద రాసిపెడితే చాలు. హైదరాబాద్‌లోని డాక్టరుకు కూడా ఫోన్‌లో వారి గొంతు అందుతుంది. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారు చేసిన రోగుల హక్కుల పత్రం ఇదే చెబుతోంది: జబ్బు గురించి, చికిత్స గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం రోగి హక్కు.

భాషతో పాటు మొక్కులనూ అడగాలి. చిన్న బిడ్డకు పుట్టువెంట్రుకల మొక్కు యాదగిరిగుట్టకో మట్టపల్లికో ఉంటుంది. కీమోతో జుట్టు రాలిపోతుందని విన్నప్పుడు ఆ ఇంట్లో నానమ్మకు మొదట గుర్తొచ్చేది ఆ మొక్కే. మొదటి కీమోకు ముందు ఒక్క రోజు వీలుంటే తలనీలాలు ఇచ్చి రమ్మనవచ్చు. వీలు కాకపోతే జుట్టు మళ్లీ వస్తుందని, మొక్కు అప్పుడు తీర్చవచ్చని చెప్పవచ్చు. జాన్‌పహాడ్ దర్గాకు, పెద్దగట్టు జాతరకు బిడ్డను తీసుకుపోతామంటే కసిరి పంపకుండా, తెల్లకణాలు తక్కువగా ఉన్న రోజుల్లో జనంలోకి తీసుకుపోతే ఏం ప్రమాదమో చెప్పి, ఎప్పుడు వెళ్లవచ్చో చెప్పాలి. ఆకు పసరు, నాటు మందు సంగతి కూడా అంతే. తిడితే దాస్తారు. మెర్కాప్టోప్యూరిన్, మెథోట్రెక్సేట్ రెండూ కాలేయానికి భారమే. దాని మీద ఇంకేదో పోస్తున్నారని డాక్టరుకు తెలియకపోవడం కంటే పెద్ద ప్రమాదం లేదు.

మొదటి రోజు

జబ్బు పేరు చెప్పే మొదటి మాటకు ఒక పద్ధతి ఉంది. 2000లో వాల్టర్ బైల్, రాబర్ట్ బక్‌మన్ తదితరులు ఆరు మెట్లుగా దాన్ని వివరించారు. ఏకాంతంగా కూర్చోబెట్టడం, వారికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలని ఉందో అడగడం, ఆ తర్వాతే విషయం చెప్పడం, వారి దుఃఖానికి చోటివ్వడం, చివరగా ముందు దారి చెప్పడం. ఇందులో చెప్పడం నాలుగో మెట్టు. దానికంటే ముందు రెండు మెట్లు అడగడమే. మన దగ్గర కుటుంబం వచ్చేసరికే ఆర్ఎంపీ ఒక మాట, ల్యాబ్‌లో ఒక మాట, బస్సులో పక్కనున్న మనిషి ఒక మాట చెప్పి ఉంటారు. వాళ్లు ఏం విన్నారో తెలియకుండా మన మాట మొదలుపెడితే అది ఆ మాటలన్నిటి కిందా పడిపోతుంది.

నిజం చెబితే ఆశ పోతుందని చాలామంది డాక్టర్ల భయం. బోస్టన్‌లో డేనా ఫార్బర్ ఆసుపత్రిలో జెన్నిఫర్ మాక్ బృందం కేన్సర్ పిల్లల తల్లిదండ్రులను అడిగి చూసింది. జబ్బు ఎటు పోతుందో ఎక్కువగా వివరించి చెప్పిన డాక్టర్ల దగ్గర తల్లిదండ్రులకు ఆశ తక్కువగా లేదు, ఎక్కువగానే ఉంది. పరిస్థితి బాగాలేదని చెప్పినప్పుడు కూడా అంతే. తమతో ఒకరు నిజాయితీగా ఉన్నారన్న నమ్మకమే వారికి ఆసరా అయి ఉంటుంది. ఆ ఆసుపత్రికి పేరుగా నిలిచిన ఫార్బర్ కూడా పిల్లవాడికి మందుతో పాటు కుటుంబానికి అన్ని రకాల తోడ్పాటూ ఒకే చోట అందాలని పట్టుబట్టిన మనిషే.

డబ్బు మాట కూడా మొదటి రోజే రావాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదలకు దిక్కుగా ఉంది. ఈ సంగతులు ఎవరూ చెప్పక, మొదటి వారంలోనే ఎకరం అమ్ముకున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఏ ఖర్చు పథకంలో వస్తుంది, ఏది రాదు, బస్సు చార్జీలు, తిండి, పోయిన కూలి ఎంతవుతాయి అన్నది ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర పక్కన కూర్చొని కాగితం మీద వేసి చూపించాలి.

కన్ను తీయాలన్నప్పుడు

మాట ఎంత కఠినమైన పని చేయాలో రెటినోబ్లాస్టోమాలో కనిపిస్తుంది. ఇది పసిపిల్లల కంటి కేన్సర్. కంటిపాపలో తెల్లగా మెరుపు కనిపిస్తుంది. తరచుగా ఫోన్ ఫొటోలో తల్లే మొదట చూస్తుంది. త్వరగా ఆసుపత్రికి వస్తే కన్నూ దక్కవచ్చు, ప్రాణమూ దక్కుతుంది. జబ్బు కంట్లో బాగా పెరిగిపోతే కన్ను తీసేసి ప్రాణం కాపాడాలి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల దీనికి మంచి వైద్యం ఉంది. అయినా "ఉన్న కన్ను ఎట్ల తీపిస్తం?" అని బిడ్డను ఇంటికి తీసుకుపోయిన కుటుంబాలున్నాయి. కొన్ని నెలలకు గడ్డ బయటికి వచ్చాక తిరిగి వచ్చినా అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

ఆ తండ్రికి వైద్యశాస్త్రం చెప్పి ఒప్పించలేం. కృత్రిమ కన్ను పెట్టుకుని బడికి పోతున్న పిల్లవాణ్ణి, వాడి తండ్రిని చూపించాలి. ఒక తండ్రి మాట ఇంకో తండ్రి వింటాడు. చికిత్స దాటి వచ్చిన కుటుంబాలు ఈ విషయంలో డాక్టర్ల కంటే గొప్ప గురువులు. వారి అనుమతితో, వారి సమయానికి విలువిచ్చి, వారిని చికిత్సలో భాగస్వాములుగా చేసుకోవాలి.

పిల్లవాడికి తెలుసు

"వాడికి చెప్పకండి సారూ" అని మన ప్రతి కుటుంబమూ అడుగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది. కాని అమెరికన్ పరిశోధకురాలు మైరా బ్లూబాండ్ లాంగ్నర్ 1978లో ప్రచురించిన పుస్తకం చెప్పిన సంగతి గుర్తుంచుకోవాలి. ల్యుకేమియా వార్డుల్లోని చిన్నచిన్న పిల్లలు, ఎవరూ చెప్పకపోయినా, తమ జబ్బు ఎంత పెద్దదో తెలుసుకున్నారు. పక్క మంచం పిల్లవాడు లేకపోవడం చూసి, తల్లి కళ్లు చూసి, డాక్టరు గుసగుసలు విని తెలుసుకున్నారు. అమ్మానాన్నలు బాధపడతారని తెలియనట్టు నటించారు. ఆ నటన పిల్లవాణ్ణి ఒంటరిని చేస్తుంది. వెన్నులో సూది ఎందుకో చెప్పని పిల్లవాడు ప్రతిసారీ తనకేదో శిక్ష వేస్తున్నారనుకుంటాడు. "నెత్తురులో ఇచ్చే మందు మెదడు దాకా సరిగ్గా పోదురా, అందుకే వెన్ను దగ్గర నీళ్లలో ఇస్తున్నం, దీంతో కాళ్లు పడిపోవు" అని చెప్పండి. ఆ మాట విని పిల్లవాడు ఊరటపడతాడు. పక్కన నిలబడ్డ తల్లి కూడా ఊరటపడుతుంది, ఆమె భయమూ అదే కాబట్టి.

చికిత్స ఫలించని పిల్లల విషయంలో కూడా ఒక అధ్యయనం మనకు దారి చూపుతోంది. 2004లో స్వీడన్ నుంచి వచ్చిన పరిశీలన అది. కేన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల్లో, మరణం గురించి బిడ్డతో మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా అలా మాట్లాడినందుకు బాధపడలేదు. మాట్లాడని 258 మందిలో 69 మంది, మాట్లాడి ఉండాల్సిందని తర్వాత బాధపడ్డారు. మన ఇళ్లు స్వీడన్ ఇళ్లలాంటివి కావు. ఇక్కడ నానమ్మ చెప్పే మాట ఒకటి, పూజారో మౌలానానో పాస్టరో చెప్పే మాట ఒకటి ఉంటాయి. ఎవరు, ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది కుటుంబమే నిర్ణయించుకోవాలి. డాక్టరు చేయాల్సింది వారిని వదిలేయకుండా ఉండటం. నొప్పి తగ్గించే వైద్యం హైదరాబాద్‌లో పిల్లలకు అందుతోంది, మార్ఫిన్ సరిగ్గా వాడితే బిడ్డ హాయిగా నిద్రపోగలుగుతుంది అని ముందే చెప్పాలి. "ఇక చేసేదేమీ లేదు, తీసుకుపొండి" అనే వాక్యం మన ఆసుపత్రుల నుంచి పూర్తిగా పోవాలి.

మూడు పట్టణాలు చేయవలసింది

హైదరాబాద్ సూర్యాపేటకు సుమారు 135 కిలోమీటర్లు, కోదాడకు ఇంకా దూరం. మిర్యాలగూడకు రైలుంది. మిగతా రెంటికీ బస్సే గతి. కీమో తీసుకుంటున్న పిల్లవాడికి 100.4 డిగ్రీల జ్వరం వస్తే, తెల్లకణాలు తక్కువగా ఉన్న ఆ ఒంట్లో ఒక్క రాత్రిలో ఇన్ఫెక్షన్ ప్రాణం తీయవచ్చు. కోదాడ తల్లి ఆ రాత్రి బస్సు కోసం ఎదురుచూడకూడదు. దగ్గరి ఆసుపత్రిలోనే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, తర్వాత హైదరాబాద్‌కు ఫోన్ వెళ్లాలి. ఇది జరగాలంటే పిల్లవాడి జబ్బు, మందులు, జ్వరం వస్తే ఏం చేయాలో రాసిన కార్డు తల్లి దగ్గర ఉండాలి. అది తెలుగులో ఆమె కోసం, ఇంగ్లిష్‌లో డ్యూటీ డాక్టరు కోసం ఉండాలి. ఊళ్లోని ఆర్ఎంపీకి కూడా ఆ కార్డు చూపించాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న పిల్లవాడికి కండకు ఇంజక్షన్ వేయకూడదని ఆయనకు తెలియాలి. మన పల్లెల్లో అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. ఆయనను దూరం పెట్టడం కంటే, పంపాల్సిన చోటికి వెంటనే పంపేలా ఆయనకు నేర్పించడం మేలు.

సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో మొదలైంది. దేశమంతటా ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరును, వైద్య నీతిని పాఠంగా చేర్చింది కూడా అదే ఏడాది. అంటే ఈ కాలేజీ తొలి బ్యాచ్ నుంచే మాట ఒక పాఠం. ఆ పాఠాన్ని తరగతి గదిలో ముగించకండి. విద్యార్థులను ఒక పూట తండాకు, ఒక పూట మిల్లు కూలీల లైన్లకు పంపండి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ జిల్లా తెలుగు నేర్పండి. 2025 కేంద్ర బడ్జెట్ మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నిటిలో డే కేర్ కేన్సర్ కేంద్రాలు పెడతామని ప్రకటించింది. అవి వచ్చినప్పుడు కుర్చీలు, మందులతో పాటు, ఒక మూల ఇద్దరు కూర్చొని మాట్లాడుకునే గది కూడా ఉండాలని ఇప్పుడే అడగాలి. గదులు కట్టేశాక ఆ గదికి చోటు దొరకదు.

డాక్టరు మిత్రులారా, ఓపీలో వందమంది ఎదురుచూస్తుంటే పది నిమిషాలు ఎక్కడివని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ డాక్టరే చెప్పనక్కర్లేదు. జబ్బు పేరు, నయమయ్యే అవకాశం డాక్టరు చెప్పాలి. మాత్రల సంగతి నర్సు చెప్పగలదు, డబ్బు సంగతి ఆరోగ్యమిత్ర చెప్పగలడు, ఇంటి జాగ్రత్తలు ఆశా కార్యకర్త చెప్పగలదు, ధైర్యం ఇంకో తల్లి చెప్పగలదు. ఎవరు ఏం చెప్పాలో పంచుకొని, అందరూ ఒకే మాట చెబితే సమయం మిగులుతుంది. మధ్యలో మానేసి తిరగబెట్టిన జబ్బుతో వచ్చిన పిల్లవాడికి పట్టే సమయం దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. అడగడం మర్యాద తప్పడం కాదు. "నయమైతదా సారూ? ఎన్నాళ్లు పడ్తది? పైసలెంతైతయి? జరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలె?" ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాయించుకొని పొండి. జవాబు అర్థం కాకపోతే ఇంకోసారి చెప్పమనండి. ఎవరైనా విసుక్కుంటే నర్సమ్మను అడగండి, ఆరోగ్యమిత్రను అడగండి, చికిత్స పూర్తి చేసుకున్న కుటుంబాన్ని అడగండి. మధ్యలో మానేయాల్సినంత కష్టం వస్తే, మానేసే ముందు ఆ కష్టం ఏమిటో చెప్పండి. బస్సు చార్జీ అయినా, ఇంట్లో గొడవ అయినా సరే. చెప్పిన కష్టానికి దారి వెతకవచ్చు.

ఈ సభ ముగిసేలోపు మూడు పనులకు బాధ్యులు ఎవరో తేల్చుకొని లేద్దాం. లంబాడీ, ఉర్దూ, హిందీ మాట్లాడే సహాయకుల పేర్లు ఎవరు సేకరిస్తారు? జ్వరం కార్డు ఎవరు అచ్చువేయిస్తారు? రాత్రి వేళ ఆ కార్డు చూడగానే బిడ్డను లోపలికి తీసుకునేలా ఈ మూడు పట్టణాల ఆసుపత్రులతో ఎవరు మాట్లాడతారు? పేర్లు ఇవ్వండి. నాది మొదట రాసుకోండి.